గ్రాఫ్ గీసే ముందు

అమ్మడూ,

ఉపగ్రహ డేటాతో వాతావరణ మార్పు మీద పని మొదలుపెట్టానని రాశావు. సంతోషం. గ్రాఫ్ ఎప్పుడెప్పుడు గీద్దామా అని తొందరపడుతున్నావు చూడు, అదే నాకు కాస్త టెన్షన్.

ముందు పరికరం గురించి చదువు. 1992లో పైకెళ్లిన టోపెక్స్-పోసిడాన్ ఉపగ్రహాన్నే తీసుకో. 1,336 కిలోమీటర్ల ఎత్తు నుంచి రాడార్ తరంగం పంపి, అది నీటికి తగిలి తిరిగొచ్చే సమయాన్ని బట్టి సముద్ర మట్టం లెక్కగట్టేది. దారిలో గాలిలోని తేమ ఆ తరంగాన్ని కొంచెం ఆలస్యం చేస్తుంది. అందుకే తేమను కొలిచే రేడియోమీటర్ కూడా దాని వెంటే ఉండేది. మనం వెతికేదేమో ఏడాదికి మూడు నాలుగు మిల్లీమీటర్ల మార్పు! తేమ లెక్క తప్పిందంటే, సముద్రం ఊరికే ఉన్నా పెరిగినట్టు కనబడుతుంది.

తర్వాత దాని స్థానంలోకి జేసన్-1 ఉపగ్రహం వచ్చింది. అయినా పాతదాన్ని వెంటనే పక్కన పెట్టలేదు. 2002లో కొన్ని నెలలపాటు రెండింటినీ ఒకే కక్ష్యలో, సుమారు నిమిషం తేడాతో తిప్పారు. రెండూ అదే నీటిని చూస్తే దేని కొలత ఎటు జరుగుతోందో తెలిసిపోతుంది. ఆ అతుకు గట్టిగా పడబట్టే, 1993 నుంచి ప్రపంచ సగటు సముద్ర మట్టం దాదాపు 10 సెంటీమీటర్లు పెరిగిందని ధైర్యంగా చెప్పగలుగుతున్నాం. తీరంలో కరకట్ట ఎంత ఎత్తున కట్టాలో తేల్చేవాళ్లకు ఆ ధైర్యమే కావాలి.

లెక్క బెసికితే ఎలా ఉంటుందో కూడా చూడు. 1990లలో దిగువ వాతావరణపు ఉపగ్రహ రికార్డులో వేడెక్కడం పెద్దగా కనబడలేదు. దాన్ని పట్టుకుని ఎంత వాదన జరిగిందో! ఉపగ్రహాలు పలుచటి గాలి రాపిడికి మెల్లగా కిందికి జారుతున్నాయనీ, నిజంగా లేని చల్లదనం అలా లెక్కలోకి చేరుతోందనీ 1998లో వెంట్జ్, షాబెల్ అనే శాస్త్రవేత్తలు చూపించారు. 2005లో మరో సవరణ చేయాల్సి వచ్చింది.

నేనూ ఒకసారి గ్రాఫ్‌లో పెద్ద మెట్టు చూసి నెల రోజులు మురిసిపోయాను. అది సెన్సర్ మారిన తేదీ అని తర్వాత తెలిసింది. ఎవరికీ చెప్పకు.

ధ్రువాల మంచు జోలికి వెళ్తే మైక్రోవేవ్ డేటా వాడు. మేఘాలున్నా, నెలల తరబడి చీకటైనా అది చూస్తుంది, పైగా 1978 చివరి నుంచీ ఉంది. అడవులు, హిమానీనదాలకైతే ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల చిత్రాలు 1972 నుంచి ఉన్నాయి. 2008లో వాటిని ఉచితం చేశాకే నాలాంటివాళ్లకు చేతినిండా పని దొరికింది.

ఏ డేటా అయినా నేల మీది కొలతలతో పోల్చు. సముద్రానికైతే ఆటుపోట్ల కొలమానాలున్నాయిగా. వచ్చే ఉత్తరంలో గ్రాఫ్ వద్దు. ఏ పరికరం ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది, పాతదీ కొత్తదీ కలిసి ఎన్నాళ్లు పనిచేశాయి, ఆ పట్టిక పంపు.

ఆశీస్సులతో,
మావయ్య