ఓటీపీ రాలేదు, టైమ్ అయిపోయింది

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే మాటతో మొదలయ్యాయి: "నాకు ఈ ఆన్‌లైన్ పనులు సరిగా రావు మేడం, తప్పు నాదేనేమో." తెనాలిలో ఆన్‌లైన్ సెంటర్ నడుపుతున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను. ఇంజినీరింగ్ చదివిన పిల్లలు కూడా అవే పేజీల దగ్గర ఆగిపోయి మా షాపు మెట్లెక్కుతారు. మొహమాటం వదిలేసి రాయండి. తెర మీద ఎర్ర అక్షరాల్లో ఏ వాక్యం వచ్చిందో ఉన్నదున్నట్టు రాస్తే నాకు సగం పని తగ్గుతుంది. ఆధార్ నంబర్లు, పాస్‌వర్డులు మాత్రం ఉత్తరంలో రాయకండి. ఈసారీ కొందరు రాశారు. చించేశాను.

*మా అబ్బాయి ఎంఎస్ చదవడానికి అమెరికా వెళ్లాలనుకుంటున్నాడు. పదో తరగతి మెమోలో ఇంటిపేరుకు ఇనిషియల్ మాత్రమే ఉంది. ఆధార్‌లో ఇంటిపేరు చివర ఉంది. పాన్‌లో పూర్తి పేరు వచ్చింది. ఇప్పుడు పాస్‌పోర్టుకు, యూనివర్సిటీ ఫారాలకు ఏది రాయాలి? ఏ సైట్లో చూసినా 'నేమ్ మిస్‌మ్యాచ్' అంటోంది.*
*— ఒక తల్లి, జగిత్యాల*

అమ్మా, మా సెంటర్లో అన్నిటికంటే ఎక్కువ సమయం తినే పని ఇదే. మనం ఇంటిపేరు ముందు రాస్తాం. తర్వాత వెంకట, నాగ, సాయి అంటూ మొక్కుకున్న దేవుళ్లందరూ వస్తారు. ఇంట్లో పిలిచే పేరు ఆఖర్న వస్తుంది. ఫారం తయారుచేసినవాళ్లేమో పిలిచే పేరు ముందు, ఇంటిపేరు చివర ఉంటాయనుకుని గడులు గీశారు. ఫస్ట్ నేమ్ గడిలో పెట్టిన పేరు, లాస్ట్ నేమ్ లేదా సర్‌నేమ్ గడిలో ఇంటిపేరు రాయాలి. ఇంతవరకూ సులువే.

పాన్ దరఖాస్తులో ఇంటిపేరుకూ మొదటి పేరుకూ ఇనిషియల్ ఒప్పుకోరు, విప్పి రాయాల్సిందే. మెమోలో ఒక్క అక్షరం ఉన్న ఇంటిపేరు పాన్‌లో పూర్తిగా వచ్చింది అందుకే. అది మీ పొరపాటు కాదు. పైగా ఇంగ్లీషు స్పెల్లింగులో ఒక 'హెచ్' ఎక్కువైనా, సత్యనారాయణకు మధ్యలో ఖాళీ పడినా కంప్యూటర్ లెక్కలో ఇద్దరు వేర్వేరు మనుషులు. పాన్, ఆధార్ లింక్ చేయబోతే అక్కడే ఆగిపోతుంది.

పాస్‌పోర్టు ఇంకా తీయలేదంటున్నారు కాబట్టి మీరు మంచి సమయంలోనే రాశారు. ముందు ఒక తెల్ల కాగితం మీద బాబు పేరు ఎలా ఉండాలో ఇంగ్లీషులో రాసుకోండి: ఇంటిపేరు పూర్తిగా, పెట్టిన పేరు పూర్తిగా, స్పెల్లింగు మెమోలో ఉన్నట్టే. ఆధార్ దాని ప్రకారం లేకపోతే ముందు ఆధార్ సరిచేయించండి. కానీ చూసుకుని చేయించండి, ఎందుకంటే ఆధార్‌లో పేరు మార్పు జీవితంలో రెండుసార్లే. కంగారులో ఒక అవకాశాన్ని స్పెల్లింగుకు, ఇంకోదాన్ని ఆ స్పెల్లింగులో వచ్చిన తప్పుకు ఖర్చుపెట్టుకుని వచ్చేవాళ్లను చూస్తుంటాను. సెంటర్లో టైప్ చేశాక రసీదు మీద పేరు చదివి, అప్పుడే కుర్చీలోంచి లేవండి.

పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిని ఖాళీగా వదలకండి. "మాకు ఇనిషియలే కదా" అని పేరంతా గివెన్ నేమ్, అంటే పెట్టిన పేరు గడిలో వేసినవాళ్లకు అమెరికా వీసాలో ఆ మొత్తం సర్‌నేమ్ గడిలోకి వెళ్లిపోతుంది. ఫస్ట్ నేమ్ దగ్గర 'ఎఫ్ఎన్‌యూ' అని పడుతుంది. మొదటి పేరు తెలియదు అని దానర్థం. కన్నవాళ్లు బారసాల చేసి పెట్టిన పేరుండగా తెలియదట! అక్కడ బ్యాంకులో, డ్రైవింగ్ లైసెన్సులో అదే వెంటపడుతుంది. గల్ఫ్ వెళ్లేవాళ్లకు ఇంకా ఇబ్బంది. పాస్‌పోర్టులో ఒకే పేరు ఉంటే విజిట్ వీసా మీద రానివ్వబోమని యూఏఈ 2022 నవంబరులోనే చెప్పింది. మీ జిల్లా నుంచి దుబాయ్ వెళ్లేవాళ్లు ఎక్కువ కాబట్టి చుట్టాలకు కూడా చెప్పండి.

పాస్‌పోర్టు చేతికొచ్చాక విదేశీ ఫారాలన్నింటిలో దాని ప్రకారమే రాయాలి. మెమోలో ఇనిషియల్ ఉంది కదా అని అక్కడ ఇనిషియల్ రాయొద్దు. ఇంకో మాట. గివెన్ నేమ్‌లో వెంకట ముందుంటే అక్కడ క్లాసులోనూ ఆఫీసులోనూ బాబును అందరూ వెంకట అనే పిలుస్తారు. పవన్‌లూ కిరణ్‌లూ ఎంతమంది అక్కడ వెంకటలయ్యారో! దానికి వాడే అలవాటు పడతాడు, మీరు టెన్షన్ పడకండి.

ఆధార్‌లో పేరుకు ఒకటే గడి ఉంటుంది, పూర్తి పేరు రాస్తే సరిపోతుంది. మిగతా ఫారాలూ అలాగే అడిగితే ఎవరి సొమ్మేం పోయిందో నాకిప్పటికీ అర్థం కాదు.

*బట్టల షాపులో 2,350 రూపాయలు ఫోన్లో కొట్టాను. నా ఖాతాలో డబ్బు తగ్గింది, షాపు సౌండ్ బాక్స్ మాత్రం పలకలేదు. వెనక లైన్లో జనం. పరువు పోతుందని మళ్లీ నగదు ఇచ్చి వచ్చాను. మొదటి డబ్బు గోవిందేనా?*
*— గృహిణి, చీరాల*

గోవింద కాదు చెల్లెమ్మా. ఇలాంటివాటికి రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరులోనే గడువులు పెట్టింది. యూపీఐలో షాపుకు కట్టిన డబ్బు మన దగ్గర తగ్గి, షాపుకు కట్టినట్టు ఖరారు కాకపోతే, లావాదేవీ జరిగిన రోజు కాకుండా 5 రోజుల్లోపు దానంతటదే వెనక్కి రావాలి. మనిషి నుంచి మనిషికి పంపినదైతే మర్నాటికే రావాలి. గడువు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం, అదీ మనం అడగకుండానే ఇవ్వాలి. అడగకుండా ఇచ్చిన బ్యాంకు నాకైతే ఇంకా ఎదురుపడలేదు, కాబట్టి మీరు అడగండి.

యాప్‌లో ఆ చెల్లింపు తెరిస్తే 12 అంకెల లావాదేవీ నంబరు ఉంటుంది. దాన్ని రాసుకుని, యాప్‌లోనే ఫిర్యాదు పెట్టి, మీ బ్యాంకుకూ రాతపూర్వకంగా ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌ దగ్గరకు వెళ్లొచ్చు. ఫీజు లేదు. ఒకోసారి ఆగిన డబ్బు ఆలస్యంగా షాపుకే చేరుతుంది. అందుకే నగదు ఇచ్చేటప్పుడు బిల్లు మీద "క్యాష్ తీసుకున్నాం" అని రాయించుకుని, షాపు ఫోన్ నంబరు తీసుకుంటే మంచిది.

ఒక్కటి మాత్రం చేయకండి. కస్టమర్ కేర్ నంబరు కోసం గూగుల్‌లో వెతకొద్దు. అక్కడ దొంగలు తమ నంబర్లు పెట్టుకుని కూర్చుంటారు. "మీ డబ్బు వెనక్కి వేస్తాం, పిన్ కొట్టండి" అంటారు. డబ్బు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు, పోవడానికే కావాలి. నంబరు యాప్ లోపల గానీ కార్డు వెనక గానీ చూడండి. ఒకవేళ మోసపోతే 1930కి వెంటనే ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

*తొమ్మిది ఫోటోలు చూపించి 'ఫైర్ హైడ్రెంట్' ఉన్నవి నొక్కమంటుంది. అది ఏమిటో తెలియదు. ట్రాఫిక్ లైటు అంటే స్తంభం కూడా లెక్కేనా? నేను మనిషినని ఆ కంప్యూటర్‌కు ఎలా నిరూపించాలి?*
*— రిటైర్డ్ ఉపాధ్యాయుడు, అనకాపల్లి*

మాస్టారూ, అది అమెరికా వీధుల్లో ఫుట్‌పాత్ పక్కన మోకాలెత్తున ఉండే ఇనప గొట్టం. మంటలార్పేవాళ్లు నీళ్ల పైపు దానికి తగిలించుకుంటారు. అనకాపల్లిలో పుట్టి, అక్కడే పాఠాలు చెప్పి రిటైరైన మనిషి దాన్ని గుర్తుపడితే తప్ప మనిషి కాదనడం అన్యాయమే.

ఈ పరీక్షకు కాప్చా అని పేరు. 2000 ప్రాంతంలో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆ పేరు పెట్టారు. 2007లో రీకాప్చా పేరుతో దానికి ఇంకో పని తగిలించారు. పాత పుస్తకాలు, పత్రికలు స్కాన్ చేసినప్పుడు యంత్రం చదవలేకపోయిన మాటలను జనం ముందు పెట్టి చదివించారు. 2009లో గూగుల్ ఆ రీకాప్చాను కొనేసింది. అంటే లాగిన్ కావడానికి వచ్చిన లోకమంతా జీతం లేకుండా ప్రూఫులు దిద్దింది. మీరూ జీవితమంతా పేపర్లు దిద్దినవారే కదా, కనీసం మీకు డీఏ ఉండేది.

స్తంభం సంగతికొస్తే, లైటు కనిపించే గడులు మాత్రం నొక్కండి. తప్పయితే ఇంకో సెట్టు ఇస్తుంది తప్ప మార్కులేం పోవు. అర్థం కాని బొమ్మలొస్తే కింద గుండ్రంగా తిరిగే బాణం గుర్తు నొక్కితే మారిపోతాయి. పక్కన హెడ్‌ఫోన్ గుర్తు నొక్కితే వినిపిస్తుంది కానీ, ఆ ఇంగ్లీషు యాస వినడం కంటే బొమ్మలే నయం. మీరు పెన్షన్ లైఫ్ సర్టిఫికెట్ కోసం తంటాలు పడుతుంటే, జీవన్ ప్రమాణ్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ సేవలో ఫోన్ కెమెరాకు ముఖం చూపించి ఇచ్చే పద్ధతి 2021 నుంచి ఉంది. మనవడినో మనవరాలినో పక్కన కూర్చోబెట్టుకోండి.

*పాపకు లెక్కలు నేర్పే యాప్ ఏడు రోజులు ఉచితం అంటే ఒక్క రూపాయి కట్టాను. నచ్చక యాప్ తీసేశాను. అయినా నెలనెలా 499 రూపాయలు కట్ అవుతున్నాయి.*
*— ప్రైవేటు ఉద్యోగి, కర్నూలు*

ఆ ఒక్క రూపాయి ఫీజు కాదు బాబూ, మీ ఖాతాలోంచి ప్రతి నెలా తీసుకోవచ్చని మీరిచ్చిన అనుమతి. ఫోన్లోంచి యాప్ తీసేసినంత మాత్రాన ఆ అనుమతి పోదు. మీరు డబ్బులు పంపే యూపీఐ యాప్‌లో 'ఆటోపే' లేదా 'మాండేట్స్' అని ఉంటుంది. అక్కడ ఆ కంపెనీ పేరు పట్టుకుని రద్దు చేయండి, పిన్ అడుగుతుంది. కార్డు ద్వారా కట్టి ఉంటే మీ బ్యాంకులో చూసుకోవాలి. డబ్బు తీసే 24 గంటల ముందు మీకు మెసేజ్ రావాలని రూలుంది. మీ మెసేజ్‌లు వెతకండి, లోన్ ఆఫర్ల కింద ఎక్కడో నలిగి ఉంటుంది.

చేరడానికి ఒక్క నొక్కు, మానడానికి పది పేజీలు. దీన్ని 'సబ్‌స్క్రిప్షన్ ట్రాప్' అంటూ కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరు 30న ఇచ్చిన మార్గదర్శకాల్లో చేర్చింది. అలాంటి మాయలు 13 రకాలు అందులో ఉన్నాయి. మనం అడగకుండానే బుట్టలో బీమానో విరాళమో వేసేయడం ఒకటి. "వద్దు, నా బిడ్డ వెనకబడినా పర్లేదు" అన్నట్టు రాసిన బటన్ పెట్టి సిగ్గుపడేలా చేయడం ఇంకొకటి. రద్దు చేశాక కూడా డబ్బు కట్ అయితే 1915కి ఫోన్ చేయండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది, తెలుగులో మాట్లాడొచ్చు.

*అక్కా, ఇక్కడికి వచ్చి ఏడాదైంది. ఊళ్లో నాన్నగారి కరెంటు బిల్లు కట్టాలన్నా నా ఇండియా నంబరుకే ఓటీపీ వెళ్తుంది. అది రావడం మానేసింది.*
*— సాఫ్ట్‌వేర్ ఇంజినీర్, డల్లాస్*

తమ్ముడూ, సిమ్ బతికుందో లేదో ముందు చూసుకో. ప్రీపెయిడ్ నంబరును 90 రోజులపాటు కాల్‌కు గానీ మెసేజ్‌కు గానీ నెట్‌కు గానీ వాడకపోతే కంపెనీ తీసేయొచ్చు. బ్యాలెన్సులో కనీసం 20 రూపాయలుంటే అవి తీసుకుని ఇంకో 30 రోజులు ఉంచుతారు. నంబరు పోయి ఇంకొకరికి ఇచ్చేస్తే నీ బ్యాంకు ఓటీపీలు వాళ్లకే వెళ్తాయి, అదీ అసలు భయం. సిమ్ ఉంటే రీఛార్జ్ చేసి, రోమింగ్ ఆన్ చేసుకో. పోయి ఉంటే వెంటనే బ్యాంకుకు చెప్పి నంబరు మార్పించు. విదేశాల్లో ఉండే మనవాళ్లకు బ్యాంకులిచ్చే ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతాలున్నవాళ్లు అమెరికా నంబరుతోనే యూపీఐ వాడుకునే వీలుంది, నీ బ్యాంకు ఇస్తుందేమో అడుగు. ఆధార్‌కు మాత్రం ఇండియా నంబరే కావాలి. అది మార్చాల్సి ఉంటే ఆ పని ఈసారి సెలవుల జాబితాలో రాసుకో.

*బ్యాంకు పరీక్ష దరఖాస్తులో ఫోటో అప్‌లోడ్ కావడం లేదు. ఎన్నిసార్లు పెట్టినా 'ఇన్‌వాలిడ్' అంటోంది.*
*— నిరుద్యోగి, నల్గొండ*

ఫోటో 20 నుంచి 50 కేబీ మధ్య, సంతకం 10 నుంచి 20 కేబీ మధ్య ఉండాలని ఆ పేజీలోనే చిన్న అక్షరాల్లో ఉంటుంది. నీ ఫోన్లో తీసిన ఫోటో అంతకు కొన్ని పదుల రెట్లుంటుంది. ఎక్కువైతేనే కాదు, 20 కంటే తగ్గినా తీసుకోదు. ముందు ముఖం వరకే కత్తిరించు. నీ వాట్సాప్‌కు నువ్వే ఫోటోగా పంపుకో, డాక్యుమెంటుగా కాదు. అక్కడే చాలా తగ్గుతుంది. ఇంకా ఎక్కువుంటే ఫోన్లో రీసైజ్ చేసి 200 వెడల్పు, 230 ఎత్తు పిక్సెళ్లు పెట్టు. సంతకం తెల్ల కాగితం మీద నల్ల ఇంకుతో చెయ్యి. అన్నీ పెద్దక్షరాల్లో చేస్తే ఒప్పుకోరు. సైజు తగ్గించే ఉచిత సైట్లలో ఫోటో వరకు ఫర్వాలేదు గానీ, ఆధార్ కాపీలూ మార్కుల మెమోలూ వేయకు. ఆఖరి రోజు రాత్రి దాకా ఆగకు. ఆ రోజు ఫోటో సరిగ్గా ఉన్నా ఫీజు పేజీ తెరుచుకోదు.