విహార సందేహాలు: ఆగస్టులో మారిషస్ – బస ఏ తీరాన?

ప్రశ్న: మేము పదవీ విరమణ చేసిన దంపతులము. ఆగస్టులో ఏడు రాత్రులు మారిషస్‌లో గడపాలనుకుంటున్నాము. ట్రావెల్ ఏజెంటు తూర్పు తీరాన, బెల్ మార్ వద్ద ఒక రిసార్టును తక్కువ ధరకు చూపుతున్నారు. నా భార్యకు మోకాళ్ల నొప్పులు, పైగా ఈత రాదు. అది అగ్నిపర్వత ద్వీపమంటున్నారు, ప్రమాదమేమైనా ఉందా? ఆర్.కె. బీచి పక్కనే కాపురముంటూ సముద్రం చూడటానికి అంత దూరం వెళ్లాలా అని మా బావగారు వేళాకోళం చేస్తున్నారు.
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: రిసార్టు ధర కంటే ముందు గాలి సంగతి చూసుకోండి. మారిషస్ దక్షిణార్ధగోళంలో ఉన్నందువల్ల ఆగస్టు అక్కడ శీతకాలం. ఆ నెలల్లో ఆగ్నేయ వ్యాపార పవనాలు బలంగా వీచి నేరుగా తూర్పు తీరాన్ని తాకుతాయి. మధ్యనున్న పీఠభూమి, కొండలు ఆ గాలికి అడ్డు నిలుస్తాయి కాబట్టి పడమటి తీరంలో అదే రోజున నీరు నిలకడగా, ఎండ హాయిగా ఉంటుంది. మీకు చవకగా ఇస్తామన్న కారణాల్లో ఈ గాలి కూడా ఒకటి కావచ్చు. పడమట ఫ్లిక్ ఆన్ ఫ్లాక్ గానీ, వాయవ్యాన ట్రూ ఓ బీష్ గానీ ఎంచుకోవడం మేలని నా అభిప్రాయం. ద్వీపం పొడవు సుమారు 65 కిలోమీటర్లు, వెడల్పు 45 మాత్రమే కనుక, గాలి తగ్గిన రోజున తూర్పు తీరానికి వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు.

మీ బావగారి వేళాకోళానికీ సమాధానముంది. మన ఆర్.కె. బీచిలో అల నేరుగా వచ్చి పడుతుంది, కాళ్ల కింది ఇసుకను లాగేస్తుంది. మారిషస్‌ను చాలావరకు పగడపు దిబ్బ చుట్టి ఉంటుంది. అలలు దూరాన ఆ దిబ్బ మీదే విరిగిపోగా, లోపలి నీరు చెరువులా మిగులుతుంది. ఈత రానివారు కూడా మోకాలి లోతున నిశ్చింతగా నిలబడవచ్చు. అయితే విరిగిన పగడాలూ, ముళ్ల సముద్రపు జీవులూ పాదాలకు గుచ్చుకుంటాయి కాబట్టి రబ్బరు బూట్లు వేసుకోండి. దక్షిణాన సూయాక్ దగ్గర గ్రి-గ్రి వద్ద మాత్రం ఆ దిబ్బ లేదు. అక్కడ నల్లరాతి అంచును కొట్టే కెరటాలను పైనుంచి చూడాలే తప్ప నీటిలో దిగకూడదు.

అగ్నిపర్వతం గురించి భయం అక్కరలేదు. లక్షల సంవత్సరాల క్రితం లావాతో ఏర్పడిన ఈ ద్వీపంలో ఇప్పుడు రగిలే పర్వతమేదీ లేదు. అది పొరుగున ఉన్న రీయూనియన్‌లో ఉంది. ఆ ద్వీపం ఫ్రాన్స్‌లో భాగం కనుక వీసా వ్యవహారం వేరు. మారిషస్‌కు భారతీయులు ముందుగా వీసా తీసుకోనవసరం లేదు. అయితే దిగినప్పుడు తిరుగు టికెట్టు, బస వివరాలు చూపాలి.

లావా చేసిన పనిని చూడాలంటే షమారెల్‌లోని ఏడు రంగుల నేలకు వెళ్లండి. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు చూసిన కళ్లకు ఇది దగ్గరి చుట్టంలా తోస్తుంది గానీ, పుట్టుక వేరు. మన దిబ్బలు ప్రధానంగా గాలి తెచ్చి పోసిన తీరపు ఇసుక, దానికి ఇనుప ఆక్సైడు పూత పట్టి ఎర్రబడింది. షమారెల్‌లో లావా గడ్డకట్టిన బసాల్టు రాయే శిథిలమై మట్టిగా మారింది. అందులోని సిలికాను వానలు కడిగేయగా మిగిలిన ఇనుము ఎరుపు, గోధుమ రంగులను, అల్యూమినియం నీలి, ఊదా ఛాయలను ఇచ్చాయి. అలలు అలలుగా ఉన్న ఆ మట్టి మీద నడవనివ్వరు, కంచె ఇవతలి నుంచి చూడాలి. మబ్బు పట్టిన రోజున రంగులు చప్పగా కనిపిస్తాయి కనుక ఎండ ఉన్న పూట వెళ్లండి.

మధ్య పీఠభూమి మీది క్యూర్‌పీప్ పట్టణంలోని ట్రూ ఓ సెర్ఫ్ అనే పాత జ్వాలాముఖం (చల్లారిన అగ్నిపర్వతపు నోరు) అంచు వరకు కారు వెళుతుంది కాబట్టి మీ శ్రీమతికి ఇబ్బంది ఉండదు. తీరంలో ఎండ కాస్తున్న గంటలోనే అక్కడ చినుకు, చలి పలకరిస్తాయి. అరకుకు తీసుకువెళ్లే స్వెట్టరును పెట్టెలో వేసుకోండి. మరో జ్వాలాముఖంలో నీరు నిలిచి ఏర్పడిన సరస్సే గంగా తలావ్, దాని ఒడ్డున శివాలయం ఉంది. మోకాళ్ల నొప్పులున్నాయి కనుక ల మోర్న్ కొండను ఎక్కవద్దు, పడమటి తీరం నుంచి చూస్తే చాలు.

ఒక పూట రాజధాని పోర్ట్ లూయీకి కేటాయించి, 2006లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన ఆప్రవాసీ ఘాట్ చూడండి. చెరకు తోటల్లో కూలికి వెళ్లిన మన తెలుగువారు కూడా ఓడ దిగి ఆ రేవు మెట్లే ఎక్కారు. వారి సంతతి ఉన్నందువల్లే ఉగాది నేటికీ అక్కడ ప్రభుత్వ సెలవు. బయటికి రాగానే వీధి బండి మీద శనగపప్పు పొడి కూరిన వేడి రొట్టెను కూరతో చుట్టి ఇస్తారు, దానిని ‘దాల్ పూరీ’ అంటారు. మిరపకాయ పచ్చడి ఎంత వేయాలో ముందే చెప్పండి.