స్కిల్డ్ నర్సింగ్ సెంటర్‌లో ఉద్యోగం: జీతం సరే, తనిఖీ నివేదిక చూశారా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ చేసి విజయవాడలో ఒక ఆస్పత్రిలో పనిచేసింది. పెళ్లయ్యాక డల్లాస్ దగ్గర ఉంటోంది. హెచ్-4 వీసా మీద పని అనుమతి వచ్చింది. ఎన్‌క్లెక్స్ రాసి టెక్సాస్ లైసెన్సు కూడా తెచ్చుకుంది. ఆస్పత్రుల నుంచి పిలుపు లేదు కానీ, రెండు ‘స్కిల్డ్ నర్సింగ్ అండ్ రిహాబిలిటేషన్’ సెంటర్లు రమ్మంటున్నాయి. వృద్ధాశ్రమంలో చేరితే చదివిన చదువు వృథా కాదా? చేరక తప్పదంటే ఆ రెండింటిలో దేన్ని ఎంచుకోవాలి? - ఒక తండ్రి, గుంటూరు

జవాబు: అది వృద్ధాశ్రమం కాదండీ. అక్కడికి చాలామంది ఆస్పత్రి మంచం మీద నుంచి నేరుగా వస్తారు. తుంటి ఎముక ఆపరేషన్ అయినవారు, పక్షవాతం వచ్చాక నడక, మాట, మింగడం మళ్లీ నేర్చుకుంటున్నవారు, వారాల తరబడి నరం ద్వారా యాంటీబయోటిక్స్ తీసుకోవలసినవారు ఉంటారు. సాధారణ మెడికేర్ (ముఖ్యంగా 65 దాటినవారికి అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) ఉన్న వ్యక్తి కనీసం మూడు రోజులు ఆస్పత్రిలో ఇన్‌పేషెంటుగా ఉండి వస్తే మొదటి 20 రోజుల ఖర్చును ప్రభుత్వమే భరిస్తుంది. ఆ తర్వాత 100వ రోజు వరకు రోగి రోజుకింత అని తన వాటా కట్టుకోవాలి. ఆలోగా కోలుకుని ఇంటికి వెళ్లాలన్నదే అందరి ప్రయత్నం. అదే భవనంలో ఏళ్ల తరబడి ఉండిపోయే పెద్దవాళ్లూ ఉంటారన్నది నిజమే.

చదువు వృథా అవుతుందన్న బెంగ అక్కరలేదు. నిజానికి ఇక్కడ నర్సు మీద భారం ఎక్కువ. ఆస్పత్రిలో డాక్టర్లు రోజూ వచ్చి చూస్తారు. ఇక్కడ నిబంధన ప్రకారం మొదటి 90 రోజుల్లో 30 రోజులకొకసారి, తర్వాత 60 రోజులకొకసారి డాక్టరు చూస్తే చాలు. నిన్న బాగా మాట్లాడిన మనిషి ఇవాళ మగతగా ఉన్నాడని, భోజనం సగం వదిలేశాడని ముందుగా కనిపెట్టి ఫోన్ చేయవలసింది నర్సే. ఇన్ఫెక్షన్ సంగతి చాలాసార్లు అలాగే బయటపడుతుంది. పుండ్ల సంరక్షణలో, రోగుల అంచనా నివేదికలు తయారుచేసే ఎండీఎస్ పనిలో చేయి తిరిగితే అదే ఒక ప్రత్యేక వృత్తిమార్గం అవుతుంది. అయితే చాలా ఆస్పత్రులు ఈ అనుభవాన్ని తమ వార్డు అనుభవంతో సమానంగా లెక్కించవు. అసలు కోరిక ఆస్పత్రే అయితే చేరాక కూడా దరఖాస్తులు ఆపకూడదు.

ఇక దేన్ని ఎంచుకోవాలన్నది. చాలామంది గంటకు ఎంత ఇస్తారని అడిగి ఆగిపోతారు. నేనైతే ముందు అక్కడ రోగిని ఎలా చూసుకుంటున్నారో చూడమంటాను. రోగికి జరిగే నిర్లక్ష్యం చివరికి నర్సు లైసెన్సు మీదికి వస్తుంది. రోజుకు ఎనిమిది గంటల పాటు రిజిస్టర్డ్ నర్సు (ఆర్‌ఎన్) ఉంటే చాలు, మిగతా సమయం ఎల్‌వీఎన్‌లతో, అంటే అంతకంటే తక్కువ చదువుతో లైసెన్సు పొందిన నర్సులతో నడపవచ్చన్నది అక్కడి ఫెడరల్ చట్టం పెట్టిన కనీస హద్దు. అంటే రాత్రి డ్యూటీలో మొత్తం భవనానికి మీ అమ్మాయే ఏకైక ఆర్‌ఎన్ కావచ్చు. ప్రతి రోగికీ రోజుకు సగటున 3.48 గంటల నర్సింగ్ సేవ అందాలని, ఆర్‌ఎన్ 24 గంటలూ ఉండాలని 2024లో ఒక నిబంధన తెచ్చారు. 2025లో టెక్సాస్‌లోని ఫెడరల్ కోర్టు దాన్ని కొట్టేసింది. కాబట్టి చట్టం మీద భారం వేసి కూర్చోలేం.

మెడికేర్ వారి ‘కేర్ కంపేర్’ వెబ్‌సైటులో ప్రతి సెంటర్‌కూ ఒకటి నుంచి ఐదు వరకు నక్షత్రాలు ఉంటాయి. మొత్తం నక్షత్రాలు చూసి మురిసిపోవద్దు, విడదీసి చూడండి. నాణ్యతా కొలమానాల్లో చాలా వివరాలు సెంటర్ తన గురించి తానే రాసి పంపినవి. పరీక్ష పేపరు దిద్దుకోవడం విద్యార్థికే అప్పగించినట్టు! సిబ్బంది లెక్కలు జీతాల రికార్డుల నుంచి వస్తాయి కనుక వాటిని ఎక్కువ నమ్మవచ్చు. వారాంతాల్లో నర్సింగ్ గంటలు ఎంత పడిపోతున్నాయో, నర్సులు ఏడాదిలో ఎంత శాతం మంది మానేస్తున్నారో అందులోనే ఉంటుంది. పక్క ఊళ్ల సెంటర్ల కంటే మానేసేవారి శాతం బాగా ఎక్కువగా ఉంటే అనుమానించవలసిందే.

తర్వాత తనిఖీ నివేదిక. రాష్ట్ర అధికారులు ముందు చెప్పకుండా వచ్చి చూసి రాసేది ఇది. ఏ తప్పుకు ఎంత తీవ్రత అన్నది ‘ఎ’ నుంచి ‘ఎల్’ వరకు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది. జె, కె, ఎల్ అంటే రోగి ఆరోగ్యానికో, భద్రతకో తక్షణ ముప్పు ఉందని. మందుల పొరపాట్లు, కాల్ బెల్ నొక్కినా ఎవరూ రాకపోవడం, మంచం పుండ్లు ఏటా మళ్లీ మళ్లీ కనిపిస్తే ఆ సెంటర్‌ను వదిలేయమనండి. తాజా నివేదికను అడగకుండానే చదువుకునేలా అందరికీ అందుబాటులో ఉంచాలి. ఏ షిఫ్టుకు ఎంతమంది సిబ్బందో రోజూ బోర్డు మీద రాయాలి. ఆమెనూ అల్లుడిగారినీ ఒక శనివారం సాయంత్రం వెళ్లి ఆ బోర్డు చూసి రమ్మనండి.

ఇంటర్వ్యూలో రాత్రి షిఫ్టులో ఒక నర్సుకు ఎంతమంది రోగులు, కొత్తవారికి ఎన్ని వారాల శిక్షణ అని సూటిగా అడగాలి. “అది పరిస్థితిని బట్టి ఉంటుంది” అని తప్పించుకుంటే సమాధానం దొరికినట్టే. టెక్సాస్ నర్సుకు లైసెన్సు మీద చర్య రాకుండా కాపాడే ‘సేఫ్ హార్బర్’ అనే రక్షణ ఉంది. అప్పగించిన పని రోగికి ప్రమాదమని అనిపిస్తే, ఆ పనిలోకి దిగకముందే దాన్ని కోరవచ్చు. ఆ ఫారం ఎలా నింపాలో చేరకముందే నేర్చుకోమనండి.

చేరినప్పుడు బోనస్ ఇస్తామంటే ఎన్ని నెలల లోపు మానేస్తే ఎంత తిరిగి కట్టాలన్నది ఒప్పందంలో చదివాకే సంతకం పెట్టమనండి.