150 లీటర్ల రీఫ్ ట్యాంకులో గొడవ పడని రంగు చేపలు ఏవి?

గుంటూరులోని మీ ఇంట్లో మూడడుగుల ఉప్పునీటి ట్యాంకు అమర్చుకొని, రెండు మెత్తని పగడాలు కూడా పెట్టానని, అందులో బ్లూ ట్యాంగ్, మాండరిన్ వంటి రంగు చేపలు కలిసిమెలిసి ఉంటాయా అని మీరు అడిగారు. విజయవాడలో ఆరేళ్ళుగా నాలుగడుగుల రీఫ్ ట్యాంకు, అంటే పగడాలుండే ఉప్పునీటి తొట్టి, పెంచుతున్నాను కనుక చెబుతున్నాను, ఆ రెండూ మీకు వద్దు. షాపులో రూపాయి బిళ్ళంత కనిపించే బ్లూ ట్యాంగ్ పెరిగితే అడుగు పొడవుకు దగ్గరగా రాగలదు, దానికి ఈదడానికి బారెడు చోటు కావాలి. మాండరిన్ ఎవరి జోలికీ పోదు గాని, రాళ్ళ మీద పాకే కోపిపాడ్లు అనే నలుసంత జీవులను రోజంతా ఏరుకొని తింటుంది. కొత్త ట్యాంకులో అవి కొద్దిరోజుల్లోనే అయిపోతాయి, ఆ తరువాత ఆ చేప మన కళ్ళ ముందే చిక్కి చనిపోతుంది.

నేను మొదట వేసినది నీలి డామ్సెల్. గట్టి చేప, నీళ్ళు కుదురుకొనే వరకు తట్టుకుంటుందని అమ్మినవారు చెప్పిన మాట అబద్ధం కాదు. కాని రెండంగుళాలైనా లేని ఆ చేప ట్యాంకు మొత్తాన్నీ తన జాగీరు చేసుకొని, తరువాత తెచ్చిన రాయల్ గ్రామాను హీటరు వెనుక మూలకు తరిమి, దాని తోకను పీలికలు చేసింది. దానిని పట్టడానికి ఒక ఆదివారమంతా రాళ్ళన్నీ బకెట్లలోకి తీయవలసి వచ్చింది. నీళ్ళు కుదరడానికి చేప అవసరమే లేదు. ఒక పచ్చి రొయ్య ముక్క వేసి, అది కుళ్ళినప్పుడు పుట్టే, చేపలకు విషమైన అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చే దాకా నాలుగు నుంచి ఆరు వారాలు ఆగితే చాలు.

అందువల్ల ఏ చేపలు అన్నదానితో సమానంగా, ఏది ముందు అన్నది చూసుకోండి. పిరికివి ముందు, పెత్తనం చేసేవి చివర. మీ ట్యాంకుకు నేనైతే మొదట ఫైర్ ఫిష్ ఒక్కటే వేస్తాను. తెల్లని ముందు భాగం వెనక్కు వెళ్ళేకొద్దీ నిప్పు రంగులోకి మారుతుంది, పగడాలను ముట్టదు. అయితే బెదిరితే ఎగిరి దూకుతుంది. ఒక రాత్రి కరెంటు పోయి వచ్చి లైటు ఒక్కసారిగా వెలిగినప్పుడు దూకిన నా చేప తెల్లవారి స్టాండు వెనుక ఎండిపోయి దొరికింది. సన్నని వలమూత లేకుండా దీనిని తేవద్దు.

దాని తరువాత పసుపు వాచ్‌మన్ గోబీ అనే చేపను, పిస్టల్ రొయ్యను జతగా పెట్టండి. చూపు సరిగా ఆనని ఆ రొయ్య ఇసుకలో బొరియ తవ్వుతూ, తన మీసాన్ని ఎప్పుడూ గోబీ ఒంటికి ఆనించి ఉంచుతుంది. చేప తోక ఆడిస్తే చాలు, రెండూ లోపలికి మాయమవుతాయి. మా ఇంటికి వచ్చిన పిల్లలెవరూ క్లౌన్ ఫిష్ దగ్గర ఇంతసేపు నిలబడలేదు.

తరువాత రాయల్ గ్రామా, ఒక్కటే. ముందు సగం ఊదా, వెనుక సగం పసుపు. తన గుహ దగ్గరకు వస్తే నోరు తెరిచి బెదిరిస్తుంది గాని, వెంటపడి కరవడం నేను చూడలేదు. చివరగా ఆసిలారిస్ క్లౌన్ ఫిష్ జత. ఇవన్నీ మగవిగానే మొదలై, జతలో పెద్దది ఆడదిగా మారుతుంది, కనుక ఒకటి పెద్దది, ఒకటి చిన్నది ఎంచుకుంటే త్వరగా సర్దుకుంటాయి. సముద్రంలో పట్టినవి కాక, హేచరీలో పుట్టినవే అడగండి; మన దేశంలోనూ వీటిని పొదిగిస్తున్నారు. సముద్రంలో ఇవి ఆశ్రయం పొందే, పువ్వులా కనిపించే ఎనిమోన్ అనే జీవి లేకపోయినా వీటికి లోటు లేదు.

అంతటితో ఆగండి, అయిదు చేపలు చాలు. ఒక్కొక్క చేపకూ, లేదా జతకూ మధ్య కనీసం రెండు మూడు వారాల ఎడం ఇవ్వండి, ఆ సమయంలో కొత్త చేపను విడి తొట్టిలో ఉంచండి. తెల్ల చుక్కల జబ్బు వస్తే రాగి మందు వాడాలి. ఆ మందు పడితే పగడాలు, రొయ్యలు బ్రతకవు, కనుక పగడాలున్న పెద్ద ట్యాంకులో వైద్యం కుదరదు.

మే నెలలో మన ఊళ్ళలో నీళ్ళు 30 డిగ్రీలు దాటుతాయి, ప్రాణవాయువు తగ్గుతుంది. నీటి మీదికి ఫ్యాను పెడితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది, ఆవిరైన మేరకు ఉప్పు కలపని ఆర్‌ఓ నీటినే పోయాలి. కొనే ముందు, షాపులో మీ కళ్ళ ముందే మేత వేసి చూపించమనండి. తినని చేపను ఎంత అందంగా ఉన్నా అక్కడే వదిలేసి రండి.