ప్రశ్న – జవాబు: పాత లేఅవుట్‌ను కొత్త ప్రాజెక్టులో పెడితే ఎర్రర్లు ఎందుకు?

ప్రశ్న: గతంలో చేసిన ఒక ఆండ్రాయిడ్ యాప్ నుంచి లాగిన్ స్క్రీన్ లేఅవుట్ ఫైలును (స్క్రీన్ రూపాన్ని రాసే ఫైలు), దాని యాక్టివిటీ ఫైలును (ఆ స్క్రీన్ నడిచే కోడ్) కాపీ చేసి కొత్త ప్రాజెక్టులో పెట్టాను. ఒక్క అక్షరం మార్చకపోయినా, బిల్డ్ చేయగానే రిసోర్స్ (రంగు, బొమ్మ, స్ట్రింగు వంటిది) దొరకలేదంటూ వరసగా ఎర్రర్లు వచ్చాయి. యాక్టివిటీలో 'ఆర్' (రిసోర్సుల పేర్లను కోడ్‌కు అందించే క్లాసు) అన్న ప్రతిచోటా ఎర్రగా కనిపించింది. క్లీన్ చేసి మళ్ళీ బిల్డ్ చేసినా ప్రయోజనం లేదు. తోచిన రంగులు, స్ట్రింగులు చేర్చి ఎలాగో బిల్డ్ అయ్యేలా చేశాను కానీ, ఇప్పుడు యాప్ తెరవగానే మూసుకుపోతోంది. తప్పు ఎక్కడుంది?

జవాబు: మీరు కాపీ చేసిన లేఅవుట్ ఫైలులో రంగులు గానీ, బొమ్మలు గానీ, అక్షరాలు గానీ లేవు, వాటి పేర్లు మాత్రమే ఉన్నాయి. '@కలర్/బటన్_నీలం' అని రాసి ఉంటే, ఆ పేరుతో ఒక రంగు ఈ ప్రాజెక్టులో ఎక్కడో నిర్వచించి ఉందని ఆ ఫైలు నమ్ముతోందన్నమాట. బిల్డ్ సమయంలో ఏఏపీటీ2 అనే పనిముట్టు ముందు ఒక్కో రిసోర్స్ ఫైలును విడిగా కంపైల్ చేసి, ఆ తరువాత అన్నిటినీ కలిపి లింక్ చేస్తుంది. పేర్లకు అర్థం ఉందో లేదో తేలేది ఈ రెండో దశలోనే కాబట్టి, ఏ లోపమూ లేని మీ ఫైలు మొదటి దశ దాటి రెండో దశలో ఆగిపోయింది. క్లీన్, రీబిల్డ్ నొక్కడం మన వృత్తిలో ఒక మొక్కుబడిగా మారింది గానీ, లేని పేరును అది పుట్టించలేదు.

బిల్డ్ అవుట్‌పుట్‌లో ప్రతి ఎర్రర్ పక్కన ఫైలు పేరు, లైను సంఖ్య, దొరకని రిసోర్స్ రకం, పేరు ఉంటాయి. వాటిని ఒక్కొక్కటిగా తరమడం కంటే, లేఅవుట్ ఫైలు తెరిచి '@' గుర్తు ఉన్న ప్రతి వరసను, '?' గుర్తు ఉన్న ప్రతి వరసను వెతికి రాసుకుని, ఆ పేర్లను పాత ప్రాజెక్టు నుంచే తెచ్చుకోవడం మేలు. ఇందులో రెండు చిక్కులున్నాయి. ఒకటి, రకం కూడా సరిపోవాలి: '@డైమెన్/అంచు' అని (డైమెన్ అంటే కొలత) ఉన్నచోట 'అంచు' పేరుతో రంగును నిర్వచిస్తే చెల్లదు. రెండోది గొలుసు: బటన్ వెనుక ఉండే డ్రాయబుల్ (బొమ్మ) ఫైలును తెస్తే దానిలోపల మరో రెండు రంగుల పేర్లు బయటపడతాయి, స్టైల్‌ను తెస్తే దాని పేరెంట్ స్టైల్ కావలసి వస్తుంది. అందుకే ఒక ఎర్రర్ దిద్దగానే కొత్తది మొలిచినట్టు కనిపిస్తుంది. తోచిన విలువలతో పేర్లు పూరించడం నేను ఎవరికీ సిఫారసు చేయను. బిల్డ్ నోరు మూతపడుతుంది గానీ, స్క్రీన్ పాత స్క్రీన్‌లా ఉండదు.

'ఆర్' ఎర్రబడటం వేరే సంగతి. ఆర్ క్లాసు, మాడ్యూల్ (ప్రాజెక్టులోని ఒక విడి భాగం) బిల్డ్ ఫైలులో 'నేమ్‌స్పేస్' కింద రాసిన ప్యాకేజీలో తయారవుతుంది. మీరు తెచ్చిన యాక్టివిటీలో పాత యాప్ ప్యాకేజీ పేరు, పాత ఆర్ ఇంపోర్ట్ అలాగే మిగిలి ఉంటాయి. వాటిని కొత్త నేమ్‌స్పేస్‌కు తగ్గట్టు మార్చండి. ఎడిటర్ తనంతట తాను 'ఆండ్రాయిడ్.ఆర్' అని ఇంపోర్ట్ చేసి ఉంటే దాన్ని తీసేయండి. అది సిస్టమ్ రిసోర్సులది, మీ లేఅవుట్ అందులో ఉండదు. రిసోర్స్ వేరే మాడ్యూల్‌లో ఉంటే మరో మెలిక ఉంది: ఆండ్రాయిడ్ గ్రేడిల్ ప్లగిన్ 8.0 నుంచి ఒక మాడ్యూల్ ఆర్ క్లాసులో అది ఆధారపడే లైబ్రరీల పేర్లు డిఫాల్ట్‌గా చేరవు, కాబట్టి ఆ లైబ్రరీ ఆర్‌ను విడిగా ఇంపోర్ట్ చేసుకోవాలి.

ఇక యాప్ మూసుకుపోవడం. యాప్ నడిచేటప్పటి సందేశాలు లాగ్‌క్యాట్‌లో కనిపిస్తాయి. లాగ్‌క్యాట్‌లో 'ఇన్‌ఫ్లేట్ ఎక్సెప్షన్' (లేఅవుట్ నుంచి స్క్రీన్ తయారు కాలేదనే ఎర్రర్) కనిపిస్తే అక్కడే ఆగకుండా, కిందికి వెళ్ళి చివరి 'కాజ్డ్ బై' వరసను చదవండి. అసలు కారణం అక్కడుంటుంది. లాగిన్ స్క్రీన్ అన్నారు కాబట్టి అందులో మెటీరియల్ లైబ్రరీ వారి టెక్స్ట్ ఇన్‌పుట్ పెట్టెలు ఉన్నాయేమోనని నా అనుమానం. '?ఆట్రిబ్యూట్' రూపంలో రాసిన వాటి పేరు మాత్రమే బిల్డ్‌లో సరిచూస్తారు. విలువను యాప్ నడిచేటప్పుడు యాప్ మొత్తం రూపును నిర్ణయించే థీమ్‌లో వెతుకుతారు. కొత్త ప్రాజెక్టు థీమ్ మెటీరియల్ థీమ్ నుంచి పుట్టింది కాకపోతే ఆ విలువ దొరకక స్క్రీన్ తెరుచుకోదు. థీమ్ సరిగానే ఉంటే డ్రాయబుల్ ఫోల్డర్లు చూడండి. బొమ్మ, ఆండ్రాయిడ్ 7.0 నుంచి మాత్రమే వర్తించే 'డ్రాయబుల్-వి24'లో మాత్రమే ఉంటే, పేరు ఎక్కడో ఒకచోట ఉంది కనుక బిల్డ్ ఒప్పుకుంటుంది, ఆండ్రాయిడ్ 7.0 కంటే పాత ఫోన్లలో మాత్రం యాప్ కూలిపోతుంది.

ప్రశ్న: ఒకే చిరునామా ఫారాన్ని 'ఇన్‌క్లూడ్' ట్యాగుతో (ఒక లేఅవుట్‌ను మరోదానిలో చేర్చే ట్యాగు) ఒక స్క్రీన్‌లో రెండుసార్లు వాడాను. రెండో ఫారంలో నింపినది చదవబోతే మొదటి ఫారంలోనిదే వస్తోంది.

జవాబు: రెండు కాపీల లోపలా ఐడీలు ఒకటే, 'ఫైండ్‌వ్యూబైఐడీ' అనే ఫంక్షన్ ఆ ఐడీ ఉన్న వ్యూలలో (స్క్రీన్‌లోని పెట్టె, బటన్ వంటివి) మొదట తగిలినదాన్ని తెచ్చిస్తుంది. ప్రతి ఇన్‌క్లూడ్‌కు వేరువేరు ఐడీ ఇచ్చి, ముందు ఆ భాగాన్ని పట్టుకుని, దాని లోపల వెతకండి. వ్యూ బైండింగ్ (ఐడీతో వెతకకుండా వ్యూలను నేరుగా అందించే పద్ధతి) వాడుతుంటే ఐడీ ఇచ్చిన ప్రతి ఇన్‌క్లూడ్‌కూ సొంత బైండింగ్ వస్తుంది. ఇన్‌క్లూడ్‌కు ఇచ్చిన ఐడీ ఆ ఫారం మూల వ్యూ (అన్నిటికీ బయట ఉండే వ్యూ) ఐడీ స్థానంలోకి వస్తుంది కాబట్టి, పాత మూల ఐడీతో వెతికితే నల్ (ఏమీ దొరకలేదని) వస్తుంది. ఇదంతా ఫారం 'మెర్జ్' ట్యాగుతో మొదలు కానప్పుడే. మెర్జ్ అయితే మూల వ్యూ అనేదే ఉండదు, మీరిచ్చిన ఐడీ నిలవడానికి చోటుండదు.