లాయరు ఫీజుకు మూడు రూపాయల వడ్డీనా?

ప్రశ్న: చిత్తూరు దగ్గర నా పేరున మామిడి తాండ్ర యూనిట్ ఉంది. మొదట్లోనే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదు) చేయించాను. బెంగళూరు హోల్‌సేల్ వ్యాపారి ఏడాదిగా 8 లక్షలు ఇవ్వడం లేదు. ఒక లాయరు ముందే 75 వేలు అడుగుతున్నారు. ఇంకొకరు ఫీజు వద్దు, వసూలైనదాంట్లో పావు వంతు ఇమ్మంటున్నారు. చేతిలో డబ్బు లేదు. మూడు రూపాయల వడ్డీకి తెచ్చి మొదటాయన్ని పెట్టుకోనా?

జవాబు: వద్దమ్మా, తేవద్దు. 75 వేలకు నెలకు 2,250 వడ్డీ. కేసు రెండేళ్లు సాగితే వడ్డీయే 54 వేలు, అసలు అలాగే ఉంటుంది. కేసుకు వాయిదా ఉంటుంది, వడ్డీకి ఉండదు.

మీ ఉత్తరం చదివితే బాధేసింది. ఒకే వ్యాపారి దగ్గర 8 లక్షలు ఇరుక్కునేదాకా సరకు పంపారు, పక్కన ఒక్క నెల ఖర్చు కూడా ఉంచుకోలేదు. మామిడి పనిలో రాబడి సీజన్లో, ఖర్చు ఏడాది పొడుగునా. కూలీలు, అద్దె, కరెంటు, బ్యాంకు కిస్తీ కలిపి ఆరు నెలల మొత్తం విడి ఖాతాలో ఉండి తీరాలి. దానిపైన కోర్టు ఖర్చులకని ఇంకో లక్ష. అది ఉండుంటే ఈరోజు వడ్డీ వ్యాపారి గుర్తుకే వచ్చేవాడు కాదు. చిత్తూరులోనూ, తిరుపతిలోనూ ఎంతమంది చిన్న వ్యాపారులు కొత్త మిషను మోజులో ఆ డబ్బు ఊడ్చేస్తున్నారో!

మీకు ఖర్చు తక్కువ దారి ఉంది. మీకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంది కదా. చిన్న పరిశ్రమల కోసం తెచ్చిన 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం, ఒప్పందం ఏదైనా సరకు కొన్నవాళ్లు 45 రోజుల్లోపు డబ్బు కట్టాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, అదీ నెలనెలా చక్రవడ్డీ. బిల్లులు, ఈ-వే బిల్లులు (సరకు రవాణా పత్రాలు), వాట్సాప్ ఆర్డర్లు పెట్టి కేంద్ర ఎంఎస్ఎంఈ శాఖ పోర్టల్‌లో మీరే ఫిర్యాదు చేయొచ్చు. అవతలివాడు బెంగళూరులో ఉన్నా ఇలాంటి బాకీల తగాదాలు తేల్చే మన రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిలే విచారిస్తుంది.

పావు వంతు అడిగినాయన గడప తొక్కవద్దు, వసూళ్లలో వాటా తీసుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనలకు విరుద్ధం. వ్యాపార బాకీల కేసులు నడిపినవాళ్లను ఇద్దరు ముగ్గురిని కలవండి. నోటీసుకెంత, విచారణకెంత అని విడివిడిగా కాగితం మీద రాయించుకోండి. వాయిదాలకు తానే వస్తారా, జూనియర్ని పంపుతారా అడగండి. పని జరిగేకొద్దీ ఫీజు కట్టండి. అదీ కష్టమైతే, మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు చేసుకోండి.

వచ్చే సీజన్లో మొదటి వసూళ్లలోంచే మూడు నెలల ఖర్చు తీసి విడిగా వేయండి. మిగతా మూడు నెలలది ఆ తర్వాతి సీజన్లో. అంతవరకు ఏ వ్యాపారికీ లక్షకు మించి అరువు ఇవ్వకండి.