ఇసుక కదలికపై వ్యాసం రాస్తున్న యువ రచయితకు

తిరుపతి

చిరంజీవికి ఆశీస్సులు.

శ్రీకాళహస్తి దగ్గర స్వర్ణముఖి ఏటి ఇసుక గురించి నువ్వు రాసిన వ్యాసం చదివాను. గాలి బలంగా వీచింది కనుక ఇసుక లేచిందని పదే పదే అన్నావు. కార్తీక మాసంలో వాయుగుండం పట్టినప్పుడు ఎండాకాలం కంటే పెద్ద గాలి వీచినా, తడిసిన ఆ ఇసుక ఎందుకు లేవదో నీ వ్యాసం చెప్పలేకపోతోంది.

ముందు తేమ గురించి రాయి. రేణువుల మధ్య సన్నని నీటి పొర చేరితే అవి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. బరువులో ఒకటి రెండు శాతం తేమ ఉన్నా వాటిని కదిలించడానికి మరింత వేగం కావాలి. పావు మిల్లీమీటరు రేణువులున్న పొడి ఇసుకను కదిలించడానికి సెకనుకు సుమారు 5, 6 మీటర్ల గాలి చాలు. ఆ హద్దు దాటాక లెక్క మారిపోతుంది: కదిలే ఇసుక పరిమాణం దాదాపు గాలివేగపు ఘనానికి అనులోమంగా పెరుగుతుంది కాబట్టి, రోజంతా వీచే పిల్లగాలి కంటే గంటసేపు వీచే ఈదురుగాలి ఎక్కువ ఇసుకను తరలించగలదు. 1930లలో లిబియా ఎడారిలో తిరిగి, లండన్‌లో గాలి సొరంగం (కావలసిన వేగంతో గాలి వీచేలా చేసే గొట్టం) పెట్టి ఈ సంగతి కొలిచినవాడు రాల్ఫ్ బాగ్నాల్డ్ అనే బ్రిటిష్ సైనికాధికారి.

ఇసుక ఆకాశాన్ని కమ్మేసిందని రాశావు, కమ్మేది ధూళి. ఇసుక మోకాలి ఎత్తు లోపలే గెంతుతూ, పడ్డచోట మరికొన్ని రేణువులను ఎగరగొడుతూ పోతుంది. ఈ తేడా తెలియని వ్యాసాలు పత్రికల్లో చాలానే వస్తున్నాయి, నీది వాటిలో చేరనక్కరలేదు.

ఎండ పాత్ర రెండు విధాలుగా ఉంటుందని మరువకు. 40 డిగ్రీల గాలి సున్నా డిగ్రీల గాలి కన్నా ఎనిమిదో వంతు తేలిక, కాబట్టి అదే వేగంతో వీచినా దాని తోపు తక్కువ. కానీ ఆ ఎండే నేలను ఆరబెట్టి, పైనున్న వేగవంతమైన గాలిని కిందికి కలుపుతుంది. రాత్రి నేల చల్లబడితే ఆ కలయిక ఆగి, నేలకు దగ్గరి గాలి మందగిస్తుంది. మన ఎండాకాలంలో ఈ రెండో పనిదే పైచేయి. అలాగని పలుచని గాలి ఇసుకను కదపలేదని అనుకోకు: వాయుపీడనం మనదాంట్లో నూరో వంతైనా లేని అంగారకుడిపైనా దిబ్బలు కదులుతున్నట్టు ఉపగ్రహ చిత్రాలు చూపాయి, ఆ సంగతి ఒక్క వాక్యంలో చెప్పి వదిలెయ్యి.

తిరగరాసే ముందు వైశాఖంలో ఒకరోజు తెల్లవారుజామునా, మిట్టమధ్యాహ్నం దాటాకా ఏటి ఇసుకలో నిలబడి చూడు. ఇసుక పైపొర కింద తడి ఎంత లోతున తగిలిందో కూడా రాసి పంపు.

ఆశీస్సులతో.